వెలుగునీడల ఉపాసకుడు లియొనార్డో డా వించి

ఇటలీ దేశమున టస్కనీ సీమలో ఆలివు తోటలతోను ద్రాక్షతోటలతోను నిండిన కొండల నడుమ వించి యను చిన్న గ్రామము కలదు. 1452వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీ శనివారము రాత్రి ఆ గ్రామవాసియగు అంతోనియో యను వృద్ధునకు ఒక మనుమడు కలిగెను. ఆ వృద్ధుడు తన పూర్వుల నాటి దస్తావేజుల పుస్తకమును దీసి, దాని చివరి పుటయడుగున శిశువు పుట్టిన తేదీని, వారమును, రాత్రి ఎన్నవ గంటయో దానిని కూడ వ్రాసియుంచెను. ఆ కొద్ది పంక్తుల వలననే లియొనార్డో డా వించి జన్మదినము నేడు లోకమునకు తెలియుచున్నది. డా వించి యనగా వించి గ్రామమునకు చెందినవాడని యర్థము. ఊరిపేరే అతనికి ఇంటిపేరై నిలిచెను.

తండ్రి పియెరో దస్తావేజులను, క్రయపత్రములను, వీలునామాలను వ్రాసి ధ్రువపరచు వృత్తియందుండెను. మన దేశమున కరణీకము వలెనే అదియు ఆ యింట తరతరములుగా వచ్చుచుండిన వృత్తి. తల్లి కాతెరీన సామాన్యురాలు. ఆమెకును పియెరోకును వివాహము కాలేదు. పియెరో ఆ సంవత్సరముననే వేరొక కన్యను పెండ్లాడెను. శిశువు తాతగారి యింటనే పెరిగెను. 1457లో ఆ వృద్ధుడు శిస్తు నిమిత్తము సర్కారునకు సమర్పించిన లెక్కలో ఇంటనున్నవారి పేర్లతో పాటు ఐదేండ్ల లియొనార్డో పేరు కూడ చేర్చబడియున్నది.

వివాహబంధము వెలుపల పుట్టినవానికి తండ్రి వృత్తి దక్కదు. ఆనాటి లేఖకుల సంఘము అట్టివారిని చేర్చుకొనెడిది కాదు. ఆ వృత్తికి యోగ్యుడు కానివానికి లాటిను పాఠశాలతో పనిలేదని పెద్దలు తలచిరి కాబోలు. బాలునకు చదువను, వ్రాయను, లెక్కలు కట్టను మాత్రమే నేర్పిరి. అతడు ఎడమచేతివాటము కలవాడు. కుడినుండి యెడమకు, అద్దములో చూచిన గాని చదువరాని విధముగ వ్రాయుట అతనికి అలవాటయ్యెను. శాస్త్రములన్నియు లాటిను భాషలోనే యుండిన ఆ కాలమున, లాటిను రానివాడు విద్వాంసుల సభలో మూగవాడు. ఈ కొరత లియొనార్డోను జీవితాంతము బాధించెను. నలుబది యేండ్లు దాటిన పిదప కూడ అతడు పిల్లవాని వలె లాటిను క్రియారూపములను వల్లెవేయుచు తన చేతిపుస్తకములలో వ్రాసికొనెను.

సుమారు 14 ఏండ్ల ప్రాయమున తండ్రి అతనిని ఫ్లారెన్సు నగరమున వెర్రోక్కియో అను శిల్పాచార్యుని కర్మశాలలో చేర్చెను. ఆ కర్మశాలలో చిత్రములే కాక కంచువిగ్రహములు, బంగారుపని, పాలరాతిపని కూడ జరుగుచుండెను. శిష్యులు తొలుత నేల యూడ్చి, రంగులు నూరి, చిత్రములకు పలకలు సిద్ధపరచి, ఆ తరువాతనే గీతకు దిగెడివారు. 1471వ సంవత్సరమున ఆ నగరపు మహాదేవాలయ గోపురాగ్రముపై వెర్రోక్కియో నిర్మించిన గొప్ప రాగిగోళము ప్రతిష్ఠింపబడెను. బంగారు పూతతో నిండుమనిషి యెత్తును మించిన ఆ గోళమునకు అతుకులు వేసిన విధమును లియొనార్డో ముసలితనమున కూడ జ్ఞప్తికి దెచ్చుకొని వ్రాసికొనెను. అప్పటికతనికి 19 ఏండ్లు. ప్రాతఃకాలమునుండి సాయంకాలము వరకు ఎండ తిరిగిన కొలది ఆ గోళముపై వెలుగు తిరుగుట నగరవాసులెల్లరు చూచిరి. 

చిత్రకళ నభ్యసించువారికి నాటికిని నేటికిని తొలి పరీక్ష యొకటే. కాగితము చదునైనది, దానికి పొడవు వెడల్పులే కాని లోతు లేదు. దానిపై వలయమును గీచినచో అది వలయమే యగును గాని బంతి కాదు. ఆ వలయమును బంతిగా మార్చునది నీడ. సున్నము పూసిన యొక బంతిని బల్లపైనుంచి, ప్రక్కగా ఒక దీపమును వెలిగించి చూచినవారికి ఈ సంగతి బోధపడును. దీపమునకు సూటిగా ఎదురైన చోట కాంతి మిక్కుటముగా నుండును. గోళము వంపు తిరిగిన కొలది అది క్రమక్రమముగా తగ్గి, దీపపు కిరణము ఇక సోకజాలని చోట నీడగా మారును. ఆ మార్పున అంచు లేదు. ఇచ్చటితో వెలుగు ముగిసినదని వ్రేలు పెట్టి చూపరాదు. మరియొక వింత యేమనగా, నీడ అన్నింటికంటె చిక్కనగునది బంతి చివరి యంచున కాదు, దానికి కొంచెము లోపల. బల్లపై బడిన వెలుగు మరలి వచ్చి బంతి యొక్క క్రిందియంచును తాకుట చేత అచ్చట నీడలో మరల సన్నని వెలుగు తోచును. ఇక బంతి వలన బల్లపై బడు నీడ వేరు. అది బంతిని ఆనుకొనిన చోట నల్లగను, దూరమైన కొలది పలుచగను ఉండును.

గోళమును చిత్రింప నేర్చినవాడు స్తూపమును, శంకువును, ఘనమును చేపట్టును. స్తూపముపై వెలుగునీడలు నిలువు పట్టెలుగా సాగును. శంకువుపై ఆ పట్టెలే కొన వైపు సన్నగిల్లి యొకచోట కలియును. ఘనమునకు వంపు లేదు గనుక ఒక్కొక్క ముఖము ఒక్కొక్క వన్నెలో నుండి, అంచు వద్ద కత్తితో గోసినట్లు మారును. మనుష్యుని మెడ స్తూపమునకును, తల గోళమునకును దగ్గరి చుట్టములు. కావున ఈ నాలుగు రూపములు చేతికి వచ్చిన పిదపనే చిత్రకారుడు మానవముఖమును చేపట్టుట క్షేమము. తొందరపడి మొదటనే ముఖమును వ్రాయబోయినవాని చిత్రమున ముక్కు గోడకంటించిన కాగితము వలె నుండును.

లియొనార్డో ఈ సాధనను ఎంత దూరము తీసికొనిపోయెనో అతని బాల్యాభ్యాసము వలననే తెలియును. మట్టిబొమ్మలను చేసి, వానిపై పలుచని మట్టినీటిలో ముంచిన గుడ్డలను కప్పి, ఆ మడతలు బిగిసి కదలక నిలిచిన తరువాత, వానిపై పడు వెలుగునీడలను నారబట్టపై కుంచెతో వ్రాసెడివాడు. రంగులు లేవు, ముఖము లేదు, కథ లేదు. బూడిదవన్నెయు తెలుపును మాత్రమే. అట్టి అభ్యాస చిత్రములు కొన్ని పారిసునందలి లూవ్రు మ్యూజియములోను, ఫ్లారెన్సునందలి ఉఫీజీలోను భద్రపరుపబడినవి. గాలికి రెపరెపలాడు గుడ్డను చూచి వ్రాయుట కష్టము. అందుచేత కదలని వస్తువును కల్పించుకొని, ఒక్క మడతపై దినములు గడపుట అతని పద్ధతి. 1472 నాటికి అతని పేరు ఫ్లారెన్సు చిత్రకారుల సంఘపు పట్టీలో చేరెను. అయినను అతడు మరికొన్ని సంవత్సరములు గురువును విడువలేదు. వెర్రోక్కియో చిత్రించిన క్రీస్తు జ్ఞానస్నాన పటమున ఒక దేవదూతను శిష్యుడు వ్రాసెను. ఆ దూతను చూచి గురువు సిగ్గుపడి ఇక కుంచె పట్టలేదని యొక కథ వ్యాపించెను. అది కథయే కావచ్చును. కాని ఆ పటమున దూత ముఖమును తాకిన మెత్తని వెలుగు తక్కిన ముఖములపై లేదనుట ఎవరికైనను కానవచ్చును.

1481లో ఒక క్రైస్తవ మఠమువారు పెద్ద పటమొకటి కోరిరి. జ్ఞానులు శిశువగు యేసును పూజించు ఘట్టమది. లియొనార్డో దానికి గోధుమవన్నెతో వెలుగునీడలను తీర్చి, రంగులు వేయకయే విడిచి, ఇంచుమించు 1482 ప్రాంతమున మిలాను నగరమునకు వెడలిపోయెను. ఆ పటము నేటికిని అట్లే యసంపూర్ణముగా ఉన్నది. చేపట్టిన పనిని ముగింపడను అపకీర్తి అతనికి అప్పుడే మొదలయ్యెను.

మిలాను ప్రభువైన లుదోవికో స్ఫోర్జా కొలువున అతడు సుమారు 17 సంవత్సరములుండెను. 1490వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదీన అతడొక క్రొత్త పుస్తకమును ప్రారంభించి, ఆ తేదీని అందు వ్రాసికొనెను. అది వెలుగునీడలను గూర్చిన గ్రంథము. నేడది పారిసునందలి ఒక విద్యాసంస్థ పుస్తకభాండాగారమున నున్నది. అందు పుట పుటకును గోళములు, దీపములు, గవాక్షములు, వానినుండి వెడలు కిరణముల గీతలు కానవచ్చును. వస్తువునంటియుండు నీడ యొకటి, దానినుండి బయలుదేరి వేరొక చోట పడు నీడ యొకటి యని అతడు విభజించెను. దీపము వస్తువుతో సమానమైనదైనచో నీడ ఒకే వెడల్పున సాగును. దీపము చిన్నదైనచో నీడ పోను పోను విరివియగును. దీపము పెద్దదైనచో నీడ సన్నగిల్లి యొక కొనగా ముగియును. రెండు దీపములున్నచో ఒకదాని నీడను మరియొకటి పలుచన చేయును. ఈ విషయమంతయు ఏడు భాగముల గ్రంథముగా వ్రాయవలెనని అతడు సంకల్పించెను. అది పూర్తి కాలేదు.

ప్రభువు తన తండ్రి జ్ఞాపకార్థము కోరిన మహాశ్వ విగ్రహమును కూడ లియొనార్డో ఆ దినములలోనే మరల చేపట్టెను. 1493లో దాని మట్టినమూనా సిద్ధమై నగరవాసులకు ప్రదర్శింపబడెను. కాని 1494లో యుద్ధభయము వలన, విగ్రహమునకై కూర్చిన కంచు అంతయు ఫిరంగుల కొరకు తరలిపోయెను. 1499లో ఫ్రెంచి సేనలు నగరమును పట్టుకొనినప్పుడు ధానుష్కులు ఆ మట్టిగుఱ్ఱమును గురిగా నుంచుకొని బాణములు వేసిరి. సంవత్సరముల తరబడి చేసిన శ్రమ ఇట్లు మట్టిపాలయ్యెను.

ఆ నగరమునందలి యొక మఠపు భోజనశాల గోడపై 1495 మొదలు 1498 వరకు అతడు వ్రాసిన కడపటి విందు అను చిత్రము గతి మరియు విచారకరమైనది. గోడపై చిత్రించు ఆనాటి పద్ధతిలో సున్నపుపూత తడిగా నుండగనే రంగు వేయవలెను. ఆరిన పిదప దిద్దుటకు వీలులేదు. ఒక చెంపపై వెలుగు నీడలోనికి జారు విధమును దినమెల్ల చూచి, ఒకటి రెండు మారులు కుంచె నానించి వెడలిపోవు లియొనార్డోకు ఈ తొందర సరిపడలేదు. అందుచేత ఆరిన గోడపై, పలకలపై వ్రాయునట్లు వ్రాసెను. ఆ మెత్తని ఛాయలు అపూర్వముగా కుదిరినవి. కాని రంగు గోడను పట్టి నిలువలేదు. అతడు జీవించియుండగనే పెచ్చులూడుట ప్రారంభమయ్యెను. 1943లో బాంబులు పడి ఆ శాల కూలినను ఆ గోడ నిలిచెను. ఇరువది యేండ్లకు పైగా సాగిన మరమ్మతు 1999లో ముగిసెను. నేడు చూపరులు చూచునది మూలచిత్రములో మిగిలిన భాగము మాత్రమే. ఏ నిదానము అతనిని గొప్పవానిగ చేసెనో ఆ నిదానమే ఆ చిత్రమునకు మృత్యువాయెను.

మిలానులో నుండగనే లూకా పాచోలి యను గణితజ్ఞుడు అతనికి మిత్రుడయ్యెను. అతడు 1498లో ముగించి, 1509లో వెనీసు నగరమున అచ్చువేయించిన గ్రంథమునకు లియొనార్డో సుమారు 60 ఘనరూపములను గీచి యిచ్చెను. కొన్ని నిండుగా, కొన్ని లోపల బోలుగా, కమ్మీలు మాత్రమే కలిగి, దారమున వ్రేలాడదీసినట్లున్న ఆ రూపములు వెలుగునీడల వలననే కన్నులయెదుట నిలుచును. లియొనార్డో చిత్రములలో అతడు జీవించియుండగా అచ్చుపడినవి ఇవియొక్కటియే. అప్పటికి దేశమెల్ల కీర్తి గాంచిన ఆచార్యుడు, బాలశిష్యులు చేయవలసిన అభ్యాసమును తిరిగి చేయుటకు వెనుకాడలేదు.

1503 ప్రాంతమున ఫ్లారెన్సులో మోనాలీసా పటము ప్రారంభమాయెను. అందు పెదవుల కొనలయందును, కంటి మూలలయందును గీత యనునది లేదు. పొగ గాలిలో కలసినట్లు వెలుగు నీడలో కలసిపోవును. ఇటాలియను భాషలో ఈ పద్ధతి పేరు కూడ పొగ యను మాట నుండి పుట్టినదే. 2010లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఎక్సురేల సాయమున అతని పటములను పరీక్షించి, ముఖములపై నీడలు అనేకములగు పలుచని పూతలతో ఏర్పడినవనియు, ఆ పూతలన్నియు కలిసి ఒక మిల్లీమీటరులో 25వ భాగమునకు మించవనియు కనుగొనిరి. ఒక పూత ఆరిన గాని మరియొక పూత వేయరాదు. అట్టి చిత్రమునకు సంవత్సరములు పట్టుటలో వింత యేమున్నది? కోరిన వర్తకునికి ఆ పటము చేరనేలేదు. లియొనార్డో దానిని తనవెంట నుంచుకొని దిద్దుచునే యుండెను.

గోళముపై వెలుగును పరిశీలించినవానికి ఆకాశమునందలి గోళము కూడ పాఠము చెప్పెను. శుక్లపక్ష విదియ తదియలలో సన్నని చంద్రరేఖతోపాటు చంద్రుని తక్కిన భాగము కూడ బూడిదవన్నెలో లీలగా కనబడును. పూర్వులు కొందరు దానిని చంద్రుని స్వయంప్రకాశమనిరి. లియొనార్డో 1506 తరువాత వ్రాసిన పుటలలో, బల్ల మీది వెలుగు మరలి బంతి అడుగును తాకునట్లే, భూమిపై బడిన సూర్యకాంతి మరలి చంద్రుని చీకటి భాగమును తాకుచున్నదని వివరించెను. చంద్రునిపై సముద్రములు కలవని అతడు తలచుట పొరపాటు. భూమి నుండి మరలు కాంతిలో సముద్రములకంటె మేఘములకే హెచ్చు పాలు. అయినను మూలసూత్రము సత్యమని పిమ్మట తేలెను. దూరదర్శిని పుట్టుటకు నూరేండ్ల ముందు, సున్నపు బంతిపై చేసిన అభ్యాసము చంద్రమండలము వరకు దారి చూపెను.

1516లో ఫ్రాన్సు రాజగు మొదటి ఫ్రాన్సిసు అతనిని ఆదరముతో పిలిపించి, అంబువాజు పట్టణమున తన కోట చెంత ఒక భవనమును, వర్షాశనమును ఇచ్చెను. 1517 అక్టోబరులో ఒక మతాధికారి చూడవచ్చినప్పుడు వృద్ధుని కుడిచేయి పక్షవాతమున చచ్చుబడియుండెనని ఆ యధికారి లేఖకుడు తన దినచర్యలో వ్రాసెను. 1519 ఏప్రిలు 23వ తేదీన లియొనార్డో వీలునామా వ్రాయించెను. వెలుగునీడల పుస్తకమును ప్రారంభించిన తేదీకి అది సరిగా 29 సంవత్సరములు. తన శవయాత్రలో 60 మంది పేదలు 60 దీపములు పట్టుకొని నడువవలెననియు, వారికి కూలి యియ్యవలెననియు అందు ఏర్పాటు చేసెను. మే 2వ తేదీన, 67వ యేట అతడు కన్నుమూసెను. ముగిసినవియు ముగియనివియు కలిపి అతని వర్ణచిత్రములు నేడు ఇరువదికి మించి లేవు.

ఆ వీలునామాలో పుస్తకములన్నియు ఫ్రాంచెస్కో మెల్జీ యను శిష్యునకు చెందెను. మెల్జీ వానిని ఇటలీలోని తన యింటికి చేర్చి, అర్ధశతాబ్దము ప్రాణపదముగా కాపాడి, గురువు చిత్రకళను గూర్చి వ్రాసిన భాగములను ఏరి యొక గ్రంథముగా కూర్చెను. ఆ గ్రంథమే సంక్షిప్తరూపమున 1651లో పారిసు నగరమున తొలిసారి అచ్చుపడెను. కాని మెల్జీ మరణానంతరము అతని కుమారుడు మిగిలిన కాగితములను విలువ యెరుగక అటుకపై పడవేసెను. అడిగినవారు కొనిపోయిరి, కొందరు కత్తిరించి యంటించిరి, కొన్ని నశించెను. మిగిలిన సుమారు 7,000 పుటలు పలుదేశముల గ్రంథాలయములలో చెదరియున్నవి. 1960ల నడుమ స్పెయిను రాజధానియగు మాడ్రిడులో జాతీయ గ్రంథాలయమున అతని రెండు పుస్తకములు బయల్పడెను. అవి దొంగిలింపబడలేదు, కాలిపోలేదు. పట్టికలో సంఖ్య తప్పుగా నుండుట చేత, ఒక అరలో నుండవలసినవి మరియొక అరలో తరముల తరబడి కన్నుగానక పడియుండెను.

ఆ రెండింటిలో నొకదానియందు లియొనార్డో 50 ఏండ్లు దాటిన పిదప వ్రాసికొనిన తన సొంత పుస్తకముల జాబితా కలదు. అందు 116 గ్రంథములు లెక్కకు వచ్చుచున్నవి. గణితము, వైద్యము, వ్యాకరణము, వ్యవసాయము, నీతికథలు, ప్రాచీన కవుల కావ్యములు అందున్నవి. పాఠశాల తలుపు మూసివేయబడిన పల్లెటూరి బాలుడు ఒక్కొక్కటిగా సంపాదించిన విద్యాధనమది. ఒకచోట మెల్జీ వంటివాడు పదిలపరచుట చేతను, మరియొకచోట పట్టికను మరల సరిచూచువాడు దొరకుట చేతను ఆ ధనము మనవరకు వచ్చెను. బీరువాలో పుస్తకమును దాని సంఖ్య యున్న చోట నుంచువాడును, రాత్రి దీపముకడ ఆ పుస్తకమును తెరచి బొగ్గుముక్కతో బంతిని గీచి నీడను దిద్దు పిల్లవాడును ఉన్నంతకాలము, లియొనార్డో ముగింపక విడిచిన పని సాగుచునే యుండును.